లంగోయా ముట్టని సంకటి

పోయిన వారం మిమ్మల్ని అక్వేరో ఇంట్లో కొత్త కప్పు కింద కూర్చోబెట్టి, పొయ్యి మీద కూర ఉడుకుతుండగానే నేను లేచిపోయాను. తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి. ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకే గుండె చాల్లేదు.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నేను అచీరోని. కర్రపెండలం సారా కాచి అమ్ముకుంటాను. అక్వేరో నా పక్కింటి మనిషి. యుద్ధం రోజుల్లో శిబిరంలో ఇద్దరం ఒకే గుడిసెలో పడుకున్నాం. అడవి మూకలు మా మీద పడి మగపిల్లల్ని తాళ్ళతో కట్టి ఈడ్చుకుపోయినప్పుడు ఆమె కొడుకులు ఇద్దరూ పోయారు. పెద్దవాడు ఒలాన్యా, చిన్నవాడు కిడేగా. వాగు అవతలి ఊరి లంగోయాని కూడా అదే తాడుకి కట్టారు. కొన్నేళ్ళకి కిడేగా తప్పించుకుని వచ్చాడు. ఆ వెనకే లంగోయా వచ్చాడు. ఒలాన్యా మాత్రం రాలేదు. నది దాటుతుంటే వరద లాక్కుపోయిందని కిడేగా చెప్పాడు. తిరిగొచ్చిన పిల్లలందరి చేతా తొక్కించినట్టే అడవిలో అంటిన చెడు పోవాలని ఆ ఇద్దరి చేతా వాళ్ళ వాళ్ళ గుమ్మాల దగ్గర కోడిగుడ్డు తొక్కించి ఇళ్ళలోకి తీసుకున్నాం. ఏ నది, ఎప్పుడు అని అడగలేదు. ఆ రోజుల్లో ఎవరం ఎవర్నీ ఏమీ అడిగేవాళ్ళం కాదు.

అక్వేరో అడిగింది దేవుణ్ణి ఒక్కణ్ణే. ఆమెకీ ఆయనకీ పెద్ద తగాదా ఉండేది. చర్చి ఉపదేశి ఓదార్చడానికి వచ్చి, "దేవుడు నిన్ను పరీక్షిస్తున్నాడమ్మా" అంటే, "పరీక్ష నాకైతే చచ్చింది వాడేంటి?" అనేది. "దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, మనిషే దాన్ని చెడగొట్టాడు" అంటే, "స్వేచ్ఛ ఇచ్చింది కట్టి తీసుకుపోయినవాడికా, కట్టించుకున్నవాడికా?" అనేది. పాపం ఆయన తల గోక్కుంటూ సైకిలెక్కి పోయేవాడు. తర్వాత కిడేగాకి పుట్టిన ఇద్దరు పసివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు జ్వరంతో పోయారు. కోడలు మూట సర్దుకుని పుట్టింటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. దాంతో అక్వేరో చర్చి వైపు తిరిగి చూడడం మానేసింది.

మళ్ళీ ఆమెని చర్చిలో కూర్చోబెట్టింది ఉపదేశి కాదు, లంగోయా. మన వంశం వాడు కాదు, మన ఊరి వాడు కాదు. వచ్చి ఆమె చేను దున్నేవాడు. ఆమెని పాము కరిస్తే వీపు మీద వేసుకుని ఆస్పత్రికి మోసుకుపోయాడు. గాదె కట్టాడు. ఈ ఏడు పాత కప్పు పీకి, గడ్డి కోసి తెచ్చి, ఒక్కడే కొత్త కప్పు వేశాడు. ఆ ఆదివారం అక్వేరో చర్చిలో లేచి నిలబడి, "నాకు జవాబు దొరకలేదు. కానీ ఆ అడవి వాళ్ళని పుట్టించిన దేవుడే ఈ లంగోయాని కూడా పుట్టించాడు. నాకిది చాలు. నేనింక అడగను" అంది. నేను ముక్కు చీదుకుంటూనే ఉన్నాను.

అదీ కథ ఆగిన చోటు. ఇక మొదలుపెడతాను.

కప్పు వేసినవాడికి ఆ కప్పు కింద మొదటి ముద్ద పెట్టకపోతే ఆ ఇంటికి పరువేముంటుంది? అక్వేరో గుడ్లు పెట్టే కోడినే కోసింది. పుల్లటి మలక్వాంగ్ ఆకు వేరుశనగ ముద్దలో వేసి చిక్కగా దించింది. రాగి సంకటి కెలికి కెలికి చెమటలు కక్కింది. కిడేగా సోడాలు తెస్తానని సైకిల్ మీద సంతకి వెళ్ళాడు. నేను నా సీసా ఒకటి పట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాను.

లంగోయా గుమ్మం బయటే నిలబడ్డాడు. చేతులకి అంటిన గడ్డి దుమ్ము దులుపుకుంటూ, "ఇంక వెళ్తానత్తా" అన్నాడు.

"వెళ్తావా? ఎక్కడికి వెళ్తావు? కూర్చో" అంది అక్వేరో. "ఇవాళ నీ సాకులేవీ చెల్లవు."

"పొద్దున్నే తినేసి వచ్చాను."

"పొద్దున తింటే మధ్యాహ్నం ఆకలెయ్యదా? పొట్టా, గాదెనా అది?"

"పన్ను నొప్పిగా ఉందత్తా."

"పోయినేడు పీకించుకున్నావు కదయ్యా ఆ పన్ను!" అన్నాను నేను. అక్వేరో పగలబడి నవ్వింది. ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆ నవ్వు చూసి నాకు ఇంకా హుషారు పుట్టింది. నా నోరు మంచిది కాదని ఊరంతా చెబుతూనే ఉంటుంది. నేనెప్పుడు విన్నాను గనక.

"ఏంటయ్యా లంగోయా, ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో నువ్వు గుక్కెడు నీళ్ళు తాగగా నేను చూళ్ళేదు. కొంపదీసి మీ రెండిళ్ళ మధ్యా రక్తం ఉందా ఏంటి?" అన్నాను.

మా వైపు ఇది మామూలు ఎగతాళే. పెళ్ళిలో భోజనం వద్దన్న ప్రతివాణ్ణీ ఇలాగే ఏడిపిస్తాం. ఒక ఇంటివాడు ఇంకో ఇంటివాణ్ణి చంపితే, పెద్దలు రెండు వంశాల్నీ కూర్చోబెట్టి, జరిగిన నిజం మొత్తం చెప్పించి, ఒకే సొరబుర్రలో చేదు వేరు రసం తాగించేదాకా ఆ రెండిళ్ళూ కలిసి తినకూడదు. నీళ్ళు కూడా తాగకూడదు. తింటే చావొస్తుంది. తిన్నవాడికి కాదు, వాడి పిల్లలకి. ఇది మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు.

లంగోయా నవ్వాలి. తిరిగి నన్ను ఒక మాట అనాలి. "నీ సారా తాగి బతికినవాణ్ణి, నన్ను రక్తం ఏం చేస్తుంది పిన్నీ" అనాలి. నేను ఆ మాట కోసమే చూస్తూ కూర్చున్నాను.

అతను నవ్వలేదు. కళ్ళు దించేసుకున్నాడు.

అక్వేరో సంకటి గిన్నె మీద మూత పెట్టి ఆగింది. నేనేదో సర్దబోయాను, "తమాషాకన్నానులే, రా లోపలికి" అని. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది.

"ఆస్పత్రిలో నేను రొట్టె విరిచి నీకు సగం ఇచ్చాను. జేబులో పెట్టుకున్నావు" అంది మెల్లగా.

"అవునత్తా."

"తిన్నావా?"

"లేదు. బయట కుక్కకి వేశాను."

"క్రిస్మస్‌కి నువ్వుల ముద్ద పంపాను."

"పాతిపెట్టాను. మా చెల్లెల్ని కూడా తిననివ్వలేదు."

"ప్రతిసారీ గిన్నె కడిగి తెచ్చిచ్చేవాడివి. ఎంత మర్యాదస్థుడో అని నేను మురిసిపోయేదాన్ని."

బయట కోళ్ళు గడ్డి కెలుకుతున్నాయి. అక్వేరో ఇంకేదో అడుగుతుందనుకున్నాను. ఆమె ఒక్క పేరు అంది.

"ఒలాన్యా?"

అతను ఉన్నచోటే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. లోపలికి మాత్రం రాలేదు. అప్పుడు కూడా గుమ్మం అవతలే.

"నది లేదత్తా" అన్నాడు. "అది ఎండాకాలం. తాగడానికే నీళ్ళు లేవు. వాడు కట్లు విప్పుకుని పారిపోబోయాడు. రెండో రోజు దొరికాడు. మమ్మల్ని చుట్టూ నిలబెట్టి చేతికి కర్రలిచ్చారు. కొట్టనివాణ్ణి వాడి పక్కనే పడుకోబెడతామన్నారు."

"నువ్వు కొట్టావు."

"కొట్టాను."

"వాడు నిన్ను గుర్తుపట్టాడా?"

ఏ తల్లయినా అడిగే ప్రశ్నేనా అది? కానీ ఆమె అదే అడిగింది.

"పేరు పెట్టి పిలిచాడు. లంగోయా, తొందరగా కానివ్వు అన్నాడు."

అక్వేరో సంకటి కెలికే తెడ్డు అందుకుంది. నేను లేచేలోపు అతని వీపు మీద పడింది మొదటి దెబ్బ. ఆమె ఎముకల గూడు లాంటి మనిషి, ఎక్కణ్ణించి వచ్చిందో ఆ బలం. తెడ్డుకి అంటుకున్న వేడి సంకటి అతని మెడ మీదా, చొక్కా మీదా ముద్దలుగా పడింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. నేను వెనక నుంచి ఆమె నడుం పట్టుకుని లాగాను, నాకూ మోచేతి దెబ్బ ఒకటి తగిలింది. చివరికి ఆమె చేతులే అలిసిపోయాయి. తెడ్డు కింద పడేసి గుమ్మంలో చతికిలబడి రొప్పింది.

"నేను చర్చిలో నిలబడి నిన్ను చూపించాను కదరా" అంది. ఏడుస్తోంది. "దేవుడికి సాక్ష్యం నువ్వే అన్నాను కదరా, అందరి ముందూ."

"విన్నానత్తా. వెనక బెంచీలో ఉన్నాను. ఆ రోజే ఊరొదిలి పారిపోదామనుకున్నాను."

"మరి పోలేదేం?"

"కప్పు సగమే అయింది. వానలు వచ్చేస్తున్నాయి."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఎవరి కోసం ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

"అయితే ఇదంతా జరిమానా. చేను, గాదె, కప్పు. నా కొడుక్కి బదులు."

"మొదట్లో అంతే" అన్నాడు లంగోయా. "నీకు కనిపించి, నువ్వు తిట్టకుండా ఉంటే ఆ రోజు గడిచిపోయేది. తర్వాత అది పోయింది. ఇష్టమై వచ్చేవాణ్ణి. నువ్వు వేరుశనగలు ఒలుస్తూ ఏదో ఒకటి గొణుక్కుంటూ ఉంటావు, నేను చెట్టు కింద కొడవలి నూరుకుంటూ ఉంటాను. ఈ ముంగిట్లో నాకు హాయిగా ఉండేదత్తా. ఇంకెక్కడా అలా లేదు. వాణ్ణి చంపినవాడికి వాళ్ళమ్మ ముంగిట్లో హాయి ఏంట్రా అని నన్ను నేను తిట్టుకునేవాణ్ణి. అయినా తెల్లారితే కాళ్ళు ఇటే వచ్చేవి."

అక్వేరో కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకూ హాయిగానే ఉండేది" అంది. ఆ మాట ఆమె నోట్లోంచి రావడానికి ఎంత కష్టపడిందో నేను పక్కనుండి చూశాను. "అదే నన్ను కాల్చేస్తోంది."

నన్నడిగితే ఒక మాట చెబుతాను, ఉపదేశికి కోపం వస్తే రానివ్వండి. కొట్టమన్నవాడు ఎక్కడో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. కొట్టినవాడు ఇక్కడ మట్టిలో మోకాళ్ళ మీద ఉన్నాడు. కొట్టించుకున్నవాడికి సమాధి కూడా లేదు. దేవుడు ఆ రోజు వీళ్ళలో ఎవరి పక్కన నిలబడ్డాడో, నిలబడి ఏం చేశాడో నాకు అర్థం కాదు. నేను సారా కాచుకునేదాన్ని, అర్థం కాకపోయినా ఫరవాలేదు. అక్వేరోకి మాత్రం అర్థం కావాలి. అది ఆమె జబ్బు.

అయినా ఆమె నాకంటే గట్టిది. కాసేపటికి లేచి, కింద పడ్డ తెడ్డు తీసి, నీళ్ళతో కడిగింది. కడుగుతూనే మాట్లాడింది.

"రేపు పెద్దల దగ్గరికి పోదాం. మీవాళ్ళని పిలుచుకురా, మావాళ్ళకి నేను చెబుతాను. గొర్రెని కొయ్యాలో మేకని కొయ్యాలో వాళ్ళే చెబుతారు. వేరు తాగుదాం. తర్వాత నువ్వు ఇక్కడ, ఈ కప్పు కింద కూర్చుని తింటావు. నేనే పెడతాను."

"అక్వేరో!" అన్నాను నేను.

"నువ్వుండు. వీణ్ణి క్షమించానని కాదు. నాకు పగ మోసే ఓపిక లేదు. అది ఎంత బరువో మోసి చూశాను, అచీరో. వీడు వచ్చాకే కాస్త దించాను. మళ్ళీ ఎత్తుకోలేను."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత ఘోరం తర్వాత కూడా ఈ ఇంటికి ఒక దారి దొరికిందని అనుకున్నాను. లంగోయా ఆమె కాళ్ళ మీద పడి ఏడుస్తాడనుకున్నాను. అతని ముఖం చూస్తే దెబ్బలు తిన్నప్పటికంటే ఎక్కువ భయపడుతున్నాడు.

"వద్దత్తా" అన్నాడు.

"వద్దా?"

"వేరు తాగాలంటే నిజం మొత్తం చెప్పాలి."

"చెప్పావు కదా."

అతను సంత నుంచి వచ్చే బాట వైపు చూశాడు. "సగం దాచి తాగితే అది పట్టదు. ఇంకా పాడు చేస్తుంది."

"దాచిందేంటి?"

"కొట్టినవాళ్ళందరూ తాగాలత్తా. నేనొక్కణ్ణే కాదు."

"ఎంతమంది?"

"ఇప్పుడు బతికున్నది ఇద్దరం."

"అయితే రెండోవాణ్ణీ పిలుద్దాం" అంది అక్వేరో. అప్పటికింకా ఆమె గొంతులో ఆ పట్టుదల ఉంది. "ఎక్కడున్నాడు? ఏ ఊరు?"

"అడక్కత్తా. నీ కాళ్ళు పట్టుకుంటాను. నన్ను పోలీసులకి పట్టించు, మీవాళ్ళ చేత కొట్టించు. అది మాత్రం అడక్కు. ఇన్నేళ్ళూ నోరు మూసుకుంది దాని కోసమే."

"ఎక్కడున్నాడ్రా వాడు? నీలాగే ఇక్కడిక్కడే తిరుగుతూ, నా ఇంట్లో మెతుకు ముట్టకుండా ఉన్నాడా?"

లంగోయా తల ఎత్తలేదు. మట్టితో చెప్పినట్టు చెప్పాడు.

"ముట్టుకోకుండా లేడు. రోజూ నీ కుండలోదే తింటున్నాడు. వద్దురా, పెద్దలకి చెబుదాం రా అని ఎన్నిసార్లో బతిమాలాను. అదంతా ముసలాళ్ళ నమ్మకం అన్నాడు. మా అమ్మకి ఇంకో కొడుకు కూడా లేకుండా చెయ్యమంటావా అన్నాడు. పిల్లలు పోయాక నాతో మాట్లాడ్డమే మానేశాడు."

ఆ ఇంట్లో అక్వేరో కుండలోది రోజూ తినే మనిషి ఆమె కాక ఒక్కడే.

నేను ఆమె భుజం పట్టుకున్నాను. అది రాయి అయిపోయి ఉంది. ఆమె ఏడవలేదు. పొయ్యి మీద కుండ వైపు చూసింది. దాని పక్కన చిన్న రాగి పూసల దండ ఒకటి ఇంకా మేకుకి వేలాడుతోంది, పోయిన పసివాళ్ళలో చిన్నదాని మెడలోది. కప్పు మార్చినా ఆమె దాన్ని తియ్యనివ్వలేదు.

"జ్వరమే, అక్వేరో" అన్నాను తొందరగా. "మలేరియా. నర్సు చెప్పింది. నేను నీ పక్కనే ఉన్నాను కదా, ఊరంతా ఆ ఏడు ఎంతమంది పిల్లలు పోలేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఎవరు ఏం తిన్నారని? నా మాట విను."

"నా మనవలు ఎందుకు పోయారని దేవుణ్ణి అడిగాను" అంది ఆమె. "ఇన్నేళ్ళూ అడిగాను కదా, అచీరో. ఎందుకో చెప్తే చాలు, భరిస్తానన్నాను."

"అది జవాబు కాదే పిచ్చిదానా!"

"చెప్పాడు" అంది అక్వేరో.

ఒకే కడుపున పుట్టినవాళ్ళ మధ్య రక్తం పడితే రెండు వంశాలు ఎక్కణ్ణించి తెస్తారు? సొరబుర్ర ఆ వైపు ఎవరు పట్టుకుంటారు, ఈ వైపు ఎవరు పట్టుకుంటారు? తల్లి ఏ వైపు మోకరిల్లాలి? మా పెద్దలు ఎన్నో చావులకి తీర్పు చెప్పారు. ఇలాంటిదానికి చెప్పగా నేను వినలేదు.

బాట మీద సైకిల్ గంట మోగింది. కిడేగా వచ్చాడు, వెనక సీటుకి సోడా పెట్టె కట్టుకుని, చొక్కా అంతా చెమటతో. చింత చెట్టుకి సైకిల్ ఆనించి, సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని నవ్వుకుంటూ నడిచొచ్చాడు.

"ఇంకా మొదలెట్టలేదా? అచీరో పిన్నీ, ఒక్కదానివే కానిచ్చేశావా ఏంటి? వీడి పస్తు ఇవాళైనా మాన్పించారా లేదా?"

లంగోయా ఒళ్ళంతా గడ్డి దుమ్మే, సంకటి ముద్దలు అతని కంట పడలేదు. మోకాళ్ళ మీద ఉన్నవాణ్ణి చూసి, బతిమాలించుకుంటున్నాడనుకున్నాడేమో, దాటుకుని లోపలికి వచ్చి రోజూ కూర్చునే చోటే కూర్చున్నాడు. చెంబులో నీళ్ళతో చేతులు కడుక్కున్నాడు.

"ఆకలి చంపేస్తోందమ్మా" అన్నాడు.

అక్వేరో గిన్నె మీద మూత తీసింది. లంగోయా కోసం తీసి ఉంచిన సంకటి అది. కొంచెం తుంచి, బొటనవేలితో గుంట చేసి, మలక్వాంగ్‌లో ముంచింది. గిన్నె అతని ముందుకి జరపలేదు. చంటిపిల్లాడికి పెట్టినట్టు ఆ ముద్దని తన చేత్తోనే అతని నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. కూర ఆమె మణికట్టు మీదుగా కారుతోంది.

"తిను, నాయనా" అంది.

కిడేగా నవ్వబోయాడు. తల్లి కళ్ళలోకి చూశాడు. నన్ను చూశాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగాడు. అప్పుడు కనిపించింది అతనికి లంగోయా మెడ మీద సంకటి కాల్చిన ఎర్రటి వాత.

నోటి ముందు ముద్ద అలాగే ఉంది. అతను దాన్ని చూడడం లేదు.

"ఎంతవరకు చెప్పావు?" అని లంగోయాని అడిగాడు.